పొట్ట రంగు

ఏడు నెలలు బాల్సా చెక్క చెక్కాను.
రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగు మీటర్లు.
షెడ్డులో పట్టక
ఒక కొసని కిటికీలోంచి బయటికి పెట్టి
వాన వచ్చిన రోజు దానికి గొడుగు కట్టాను.
ఇప్పుడు ఒళ్లంతా బూడిదరంగు ప్రైమరు పూసుకుని
బల్ల మీద కూర్చుంది,
ఇంకా ఏదీ కాకుండా.

పురుగుమందు చల్లే విమానం ఇది.
చెక్ భాషలో చ్మెలాక్ అంటాం,
అంటే తుమ్మెద.
ఒకప్పుడు ఈ హనా మైదానంలో
బీటు దుంపల చేలని రాసుకుంటూ తిరిగేది.
నాకు దొరికిన ఫోటో ఒక్కటే,
అదీ నలుపూ తెలుపూ.

గోడకి పదకొండు రంగు చీటీలు అంటించాను.
పసుపుల్లోనే ఆరు.
పొద్దున ఆవపూవులా ఉన్నది
రాత్రి లైటు వేస్తే పచ్చకామెర్లు.
అంబులెన్సు నడిపేవాణ్ణి,
ఆ రంగు మనుషుల్లో చూశాను.
ఆ చీటీ పీకేశాను.

బోర్జివోయ్ వచ్చాడు, క్లబ్బులో పెద్దవాడు.
చీటీల వంక చూడనే లేదు.
"పైన నీ ఇష్టం.
కింద మాత్రం వేరే రంగు వెయ్యి.
మూడొందల మీటర్లు పోయాక
అది నీ వైపు వస్తోందో
నిన్ను వదిలి పోతోందో,
బోర్లా ఉందో వెల్లకిలా ఉందో తెలియలేదనుకో,
నీ ఏడు నెలలూ ఏడు సెకన్లలో పుల్లలు."
పోయిన ఏడాది అతని ముదురాకుపచ్చ విమానం
పోప్లార్ చెట్ల మీద అలాగే పోయింది.
తోక దొరికితే
దొడ్డి తలుపుకి గొళ్లెంగా బిగించాడు.

సరే, అసలుదాని పొట్ట ఏ రంగు?
మెకానిక్కులు లేరు. పైలట్లు లేరు.
ద్రహోమీర ఉంది, ఎనభై మూడేళ్లు,
బస్టాండు వెనక మూడో అంతస్తు.
ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో
జెండా పట్టుకున్న మనిషి.
చేను చివర నిలబడాలి.
విమానం ఆ జెండాకి గురి చూసుకుని వచ్చి
తల మీంచి పోవాలి.
పోగానే ఇరవై అడుగులు పక్కకి జరిగి
మళ్లీ నిలబడాలి.
తొమ్మిది వేసవులు అదే పని.

చీటీలు ఆవిడ ముందు పేకముక్కల్లా పరిచాను.
గసగసాల రొట్టె పక్కకి నెట్టి
ఒక్కొక్కటే తిప్పి చూసింది.
"పసుపంటారు, నేల మీద ఆగినప్పుడు చూసినవాళ్లు.
దాని వీపు నేనెప్పుడు చూశాను నాయనా?
ఎండకి అడ్డంగా వచ్చేది.
ఎండకి అడ్డమొస్తే ఏదైనా నలుపే.
ఎడమ పక్క నూనె కారిన చార ఉండేది,
అది తెలుసు, ఒకసారి నా మొహాన చిందింది.
వాసన చెప్పమంటే చెబుతాను."

మరి జెండా రంగో?
"జెండానా! పక్కదుప్పటిలో సగం.
తెలుపు, ఎర్ర అంచు.
మిగతా సగం మీద మేం పడుకునేవాళ్లం."
నవ్వింది. నవ్వు దగ్గయింది.
నా ఉద్యోగం అలాంటిది,
ఆ దగ్గు ఎంత లోతు నుంచి వస్తోందో
వద్దన్నా లెక్క కట్టాను.
చీటీలు ఏరుకున్నాను.

పైన పసుపు వేశాను, అందరూ అనేదే.
కింద
దుప్పటి తెలుపు, ఎర్ర అంచు,
ఎడమ పక్క బొటనవేలితో లాగిన నల్లటి చార.
"అసలుది ఇలా లేదు,
పోటీలో మార్కులు కోస్తారు" అన్నాడు బోర్జివోయ్.
కోసుకోనీ.

మే నెల, ఆదివారం, గాలి తక్కువ.
ఆవిడకి మడత కుర్చీ వేశాం, ఒళ్లో శాలువా.
తుమ్మెద లేచింది,
పోప్లార్ల దాకా పోయి చుక్కయింది.
చుక్కలో పసుపు మెరిసింది: తిరుగుతోంది.
తరవాత తెలుపు: ఇటే,
నేరుగా తల మీదికే.
తక్కువ ఎత్తున మా మీంచి పోయింది.

కళ్లు దాని మీంచి తియ్యకూడదు.
తీశాను, ఒక్క క్షణం.
కుర్చీ ఖాళీ.
శాలువా గడ్డి మీద.
కర్ర ఊతంగా పక్కకి నడుస్తోంది ద్రహోమీర,
పెదవుల మీద అంకెలు,
పదకొండు, పన్నెండు...